కడగని చేతులు

ఇంజను గదిలో కూర్చోవాలంటే మనిషి ముందు తనను తాను మడత పెట్టుకోవాలి. మేస్త్రికి ఆ మడతలన్నీ ఎప్పుడో అలవాటైపోయాయి. ఎడమ మోకాలు గడ్డం దగ్గరకి, కుడి కాలు రెండు ఇంజన్ల మధ్య సందులోకి, వీపు చల్లటి ఇనప గోడకి. తల ఎత్తితే బొప్పి కడుతుందని తలకే తెలుసు కాబట్టి అది దానంతటదే వంగి ఉంటుంది. ఆ ఉదయం కూడా అలాగే ఒదిగి కూర్చుని, కుడి ఇంజనుకి డీజిల్ తెచ్చే గొట్టాన్ని విప్పి, బోల్టు కూర్చునే చోట పేరుకున్న మడ్డిని గుడ్డపేలికతో తుడుస్తున్నాడు.

కోస్టుగార్డు స్టేషనులో అతన్ని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. కొత్తగా చేరినవాళ్లు వెనకాల నల్లచేతులాయన అంటారు. పొట్టి మనిషి, మెడ దాదాపు లేదు, చెవులు పెద్దవే గానీ వాటితో పెద్ద ప్రయోజనం లేదు. ఇంజన్ల హోరు వినీ వినీ అవి సగం చెడిపోయాయి. మనిషి మొత్తానికి చూడవలసినవి చేతులు. వేళ్లు పొట్టిగా, లావుగా, కణుపుల దగ్గర ఉబ్బి ఉంటాయి. గోళ్ల చుట్టూ ఒక నల్లటి అంచు. పెళ్లినాడు ఎంత రుద్దినా ఆ అంచు పోలేదని అతని భార్య ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. ఈ నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది. ఆ మాట ఎవరెత్తినా వినపడనట్టు ఊరుకుంటాడు. చెవుడు వల్ల కలిగే సుఖాలలో అదొకటి.

పైమూత దగ్గర వెలుగు తగ్గింది. సరంగు వంగి చూస్తున్నాడు. సరంగు అంటే ఆ పడవను నడిపే పెద్ద. ఇంట్లో మాత్రం మేస్త్రి భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

"బావా, రిటైరయ్యాక ఏం చేద్దామని? మా అక్క కుట్టుమిషన్‌కి నూనె వేస్తూ కూర్చుంటావా?"

"వేస్తా. అదైనా నీలాగా వాగదు."

"అయితే మా అక్కకి నువ్వు మిగిలినట్టే. ఎప్పటికవుతుంది ఇది?"

"వెలుగుకి అడ్డం తప్పుకుంటే అవుతుంది."

సరంగు నవ్వుకుంటూ తప్పుకున్నాడు. బావాబావమరుదుల మాటలు ఎప్పుడూ ఇంతే. ఒకరినొకరు దెప్పుకోకపోతే ఆ రోజు వాళ్లలో ఒకరికి ఒంట్లో బాగాలేదని మిగతావాళ్లు అనుకుంటారు. నిజానికి ఆ రోజు మేస్త్రికి ఒంట్లో అంత బాగాలేదు. నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నాననుకుని పానా కుడిచేతికి మార్చుకున్నాడు.

బోల్టు కింద వేసే రాగి వాషరు చిన్న ఉంగరమంత ఉంటుంది. ఒకసారి బిగిస్తే నలిగి, ఆ బోల్టు ఆకారానికి ఒదిగిపోతుంది. అందుకే విప్పినప్పుడల్లా కొత్తది వెయ్యాలి. మేస్త్రి పాతదాన్ని తీసి పేలిక మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆపద గంట మోగింది. గంట అతనికి వినపడలేదు, పైన చెక్కల మీద బూట్ల అదురు అరికాళ్లకు తెలిసింది. చేపల బోటు ఒకటి ఇంజను చచ్చిపోయి కొండ కింద రాళ్ల వైపు కొట్టుకుపోతోందట. మేస్త్రి వాషరు వేసి, బోల్టు బిగించి, గొట్టంలో గాలి తీసి, చేత్తో ఒకసారి తడిమి చూసి, మడతలు విప్పుకుని పైకొచ్చాడు. అతను జెట్టీ మీద కాలు పెట్టేసరికి పడవ తాళ్లు వదిలేశారు. రెండు ఇంజన్లూ తెల్లగా నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయాయి. సరంగు వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు.

వర్క్‌షాపు గోడకి ఒక కుళాయి ఉంది, దాని పక్కన సబ్బు పొడి డబ్బా. మేస్త్రి ఆ రెండింటినీ దాటి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

అది అతని పట్టుదల. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అతని భార్య అనేది ఈ విషయంలోనే. ఇంజను మూసిన మనిషి ఆ పడవ తిరిగొచ్చేదాకా చేతులు కడుక్కోకూడదు. ఈ పద్ధతి అతను కనిపెట్టింది కాదు. అతనికి పని నేర్పిన పెద్దమేస్త్రి, పళ్లు లేని నోటితో, మొదటిరోజే కుళాయి దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాడు. "కడుక్కున్నావంటే పనైపోయిందని ఒప్పుకున్నట్టేరా. పడవ ఇంకా నీళ్ల మీదుంటే నీ పని ఎక్కడైపోయింది?" అన్నాడు. అప్పట్లో వర్క్‌షాపులో అందరూ అలాగే ఉండేవాళ్లు. నల్లటి చేతులు ఒళ్లో పెట్టుకుని, వరసగా బెంచీ మీద, శిక్ష పడిన పిల్లల్లా. ఇప్పుడు అందరికీ రబ్బరు తొడుగులు వచ్చాయి. పని కాగానే చర్రున లాగి చెత్తబుట్టలో పడేస్తారు. తప్పని ఎవరంటారు? కానీ మేస్త్రి తొడుగులు వేసుకోడు, పడవ రాకుండా కుళాయి తిప్పడు.

ఈ పద్ధతి అతనికి ఇచ్చిందీ ఉంది, తీసుకున్నదీ ఉంది. కూతురు పుట్టిన రోజున పడవ తుఫానులో ఉంది. ఆసుపత్రికి పరిగెత్తాడు, పిల్లను చూశాడు, నర్సు చేతికివ్వబోతే రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. నర్సు ఏమనుకుందో ఏమో, "ఆడపిల్లనా ఎత్తుకోవు?" అని మొహం చిట్లించింది. నోట్లో నాలుక లేని మనిషి, చెప్పుకోలేకపోయాడు. మర్నాడు పడవ వచ్చాక చేతులు ఎర్రగా అయ్యేదాకా రుద్దుకుని వెళ్లి పిల్లనెత్తుకుని ఏడ్చాడు. ఆ కూతురికిప్పుడు ఇద్దరు పిల్లలు. తాతయ్య వేళ్లు చూసి బొగ్గులమ్ముతాడా అని అడుగుతారు.

ఇచ్చింది వేరే. పెళ్లైన కొత్తలో ఒక మధ్యాహ్నం పడవ రాలేదు, ఇతను ఇంటికి వెళ్లలేదు. చూసి చూసి ఆమే అన్నం డబ్బా పట్టుకుని జెట్టీకి వచ్చింది. నల్లటి చేతులు చూసింది, విషయం విన్నది, ఆమెకి ఎంత సిగ్గో అంత పంతం. అందరూ చూస్తుండగానే బెంచీ మీద కూర్చుని అన్నం కలిపి, "నోరు తెరువు" అంది. వర్క్‌షాపంతా ఈలలు వేసింది. ఆమె పట్టించుకోలేదు. అప్పటి నుంచి పడవ బయట ఉన్న ప్రతి మధ్యాహ్నం ఆమె రావడం, అతను నోరు తెరవడం. లోకంలో ఏ మొగుడూ పెళ్లాం చేతి ముద్ద తనంతగా తిని ఉండడని మేస్త్రి లోపల్లోపల గర్వపడేవాడు. పైకి మాత్రం ఉప్పు తక్కువైందనేవాడు.

అలా కూర్చుని సముద్రం వైపు చూస్తూ, దూరంగా పోతున్న తెల్లటి చుక్క తమ పడవేనా అని అనుమానం వచ్చి, కళ్లద్దాల కోసం చొక్కా జేబులో రెండు వేళ్లు పెట్టాడు. కళ్లద్దాల పక్కన చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. బయటికి తీశాడు.

రాగి వాషరు. కొత్తది. ఒక్క గీత లేకుండా మెరుస్తోంది.

మేస్త్రికి గుండెల్లో రాయి పడింది. ఇసక పడకుండా ఉంటుందని కొత్త వాషరును జేబులో వేసుకోవడం అతని అలవాటు. అది జేబులోనే ఉందంటే, గంట కంగారులో పేలిక మీద నుంచి తీసి వేసింది పాతది. నలిగిన వాషరు మళ్లీ నలగదు. సందు ఇస్తుంది. ఆ సందులోంచి డీజిల్ చిమ్మితే పక్కనే కాలే పొగగొట్టం. ఆ గదిలో నిప్పు అంటుకుంటే ఎంతసేపట్లో ఏమవుతుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పడవ మీద బావమరిది ఉన్నాడు. వాడితోపాటు పెళ్లాం బిడ్డలున్న మగాళ్లు ఇంకా ఉన్నారు.

ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల పేరు, చివరి నెల. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ అది వచ్చేసరికే అతని కాళ్లు రేడియోగది మెట్లెక్కుతున్నాయి. మధ్యలో ఒకసారి ఆగి రొప్పాడు. భుజం లాగడం మోచేతి దాకా దిగింది.

రేడియో దగ్గరుండే అమ్మాయి, పక్కన ఆఫీసరు, ఇద్దరూ అతని మొహం చూసి లేచారు. మేస్త్రి నీళ్లు నమల్లేదు. అరచేతిలో వాషరు పెట్టి చూపించి, "కుడి ఇంజనులో పాతది వేసి పంపాను. నా పొరపాటు. వాళ్లకి చెప్పాలి" అన్నాడు. ఆఫీసరు మంచివాడు. ఒక్క మాట అనకుండా మైకు అతని చేతికే ఇచ్చాడు. అమ్మాయి అతని కోసం స్పీకరు గొంతు పెంచింది.

విషయం విని అవతల సరంగు పకపకా నవ్వాడు. "ఇన్నాళ్లకి దొరికావు బావా! చచ్చేదాకా దెప్పుతా నిన్ను."

"ముందు గొట్టం చూడరా."

"ఇంజను మనిషి చూస్తున్నాడు... తడి లేదంటున్నాడు. పొడిగా ఉందట."

"వేడెక్కాక తెలుస్తుంది."

"సరే, ఏం చెయ్యమంటావు? వాషరు మార్చాలంటే ఇంజను ఆపాలి. ఆపితే గొట్టంలోకి గాలి పోతుంది, అది తీసుకుని మళ్లీ లేచేసరికి ఈ చేపలోళ్లు రాళ్ల మీదుంటారు. నలుగురున్నారు బావా, ఒకడు మరీ పసివాడిలా ఉన్నాడు. ఒక్క ఇంజనుతో ఈ అలల్లో వాళ్లని లాగలేను." గొంతులో నవ్వు పోయింది. "నువ్వు చెప్పు. ఆపమంటే ఆపేస్తా."

ఆఫీసరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి కళ్లు మూసుకుని బోల్టు చివరి తిప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోబోయాడు. చేతికి గుర్తులేదు. గంట మోగిందని మాత్రమే గుర్తుంది. తన చేతులు తనకు ఏమీ చెప్పకపోవడం అతనికిదే మొదటిసారి. భయమేసింది. అయినా అటు నలుగురు ఉన్నారు.

"ఆపకు" అన్నాడు. "మనిషిని గొట్టం పక్కనే కూర్చోబెట్టు. నిప్పులార్పే సిలిండరు ఒళ్లో పెట్టుకోమను. ఒక్క చుక్క కనపడినా ఇంజను ఆపెయ్, ఆలోచించకు."

"సరే బావా. అక్కకి చెప్పకు" అన్నాడు సరంగు. ఆ తర్వాత పడవ కొండ చాటుకు వెళ్లింది. కొండ చాటుకు వెళితే రేడియో పలకదు. అది అందరికీ తెలిసిందే.

మేస్త్రి కిందికి దిగి కాలుగాలిన పిల్లిలా జెట్టీ మీద అటూ ఇటూ తిరిగాడు. తిరగలేక కూర్చున్నాడు. కూర్చోలేక లేచాడు. అలా ఉండగానే భార్య వచ్చింది, రెండు డబ్బాలు చేత్తో పట్టుకుని, తలమీద కొంగు గాలికి నిలవక విసుక్కుంటూ. పడవ చోటు ఖాళీగా ఉండడం, అతని చేతులు నల్లగా ఉండడం చూసింది. అడగవలసినదేం లేదు. బెంచీ మీద కూర్చుని ఒక డబ్బా మూత తీసి అన్నం కలిపింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టింది. అది మింగలేక, కక్కలేక, బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, బాగాలేదా?"

అతను తలూపాడు. మింగాడు. చెప్పేశాడు. చెప్పొద్దన్న మాట గుర్తుంది గానీ, ఆమె చేతి అన్నం నోట్లో పెట్టుకుని ఆమె తమ్ముడి సంగతి దాచడం అతని వల్ల కాలేదు. వాషరు జేబులోంచి తీసి చూపించాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉండిపోయింది.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

"అంటే భయపడ్డాడన్నమాట" అంది ఆమె. "చిన్నప్పట్నుంచీ అంతే. పాముని చూసి కూడా నవ్వాడు ఒకసారి."

కాసేపు ఆమె కొండ వైపే చూసింది. గట్టిగా, అతనికి వినపడేలా అంది: "వాడు రాకపోతే ఇక నీ మొహం చూడనని అనాలనుందయ్యా. కానీ ఈ వయసులో నేనింకెవరి మొహం చూడను?" కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకుంది. చేతిలో ముద్దను ఇంకోసారి గట్టిగా నొక్కి, "నోరు తెరువు" అంది.

అతను తెరిచాడు. కన్నీళ్లతో తిన్నాడు. ఉప్పు తక్కువైందని అనలేదు. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆమె పెట్టింది, అతను తిన్నాడు, ఇద్దరిలో ఎవరికీ ఆకలి లేదు. ఆమె తన కోసం తెచ్చుకున్న డబ్బా మూత తియ్యనేలేదు.

ఎండ వాలింది. వర్క్‌షాపు వాళ్లు ఒకరొకరే బయటికొచ్చి నిలబడ్డారు గానీ బెంచీ దగ్గరకు ఎవరూ రాలేదు. ఆమె అతని భుజం రుద్దుతూ కూర్చుంది. చెమటలు పోస్తున్నాయేమిటని అడిగితే ఎండలే అన్నాడు. డాక్టరు దగ్గరికి పోదాం పదమంటే పడవ రానీ అన్నాడు. ఆమెకూ పడవే కావాలి.

నీళ్ల మీద వెలుగు పసుపురంగులోకి తిరిగే వేళ ఆమె చెయ్యి అతని భుజం మీద ఆగిపోయింది.

"వస్తోంది" అంది.

అతనికేమీ వినపడలేదు. అలల చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు, నల్లటి వేళ్ల ముద్ర పడేంత గట్టిగా. "ఎన్ని?"

"ఉండు."

పెళ్లాడింది మేస్త్రినే అయినా ఇన్నేళ్లూ ఆమె కాపురం చేసింది ఆ రెండు ఇంజన్లతోనే. ఒకటి పనిచేస్తే ఎలా ఉంటుందో, రెండూ కలిస్తే ఎలా ఉంటుందో వంటింట్లో ఉండి చెప్పగలదు. కళ్లు మూసుకుంది. గాలి ఒకసారి అటు తిరిగి, ఇటు తిరిగింది.

"రెండూ" అంది. "రెండూ పలుకుతున్నాయయ్యా!"

"రెండూనా?"

"రెండూ."

మేస్త్రి ఆమె మణికట్టు వదిలేశాడు. "హమ్మయ్య" అన్నాడో, ఊరికే గాలి వదిలాడో, ఆమెకు తర్వాత ఎంత తలుచుకున్నా తేలలేదు. వీపు గోడకి ఆనించాడు. ఆమె లేచి నాలుగడుగులు ముందుకు వెళ్లింది. కొండ పక్క నుంచి ముందు పడవ ముక్కు, తర్వాత పడవ, దాని వెనక తాడు చివర ఒరిగిపోయి వస్తున్న చేపల బోటు కనిపించాయి. ఆమె కనిపించినదల్లా కనిపించినట్టు గట్టిగా చెబుతూనే ఉంది. అదిగో తాడు, అదిగో మనుషులు, అదిగో మనవాడు, టోపీ తీసి ఊపుతున్నాడు చూడు. జవాబు రాలేదు. చెవిటి మొగుడితో మాట్లాడేటప్పుడు జవాబు కోసం చూడడం ఆమె ఎప్పుడో మానేసింది.

పడవ పూర్తిగా ఆనకముందే సరంగు జెట్టీ మీదకు దూకాడు. "బావా! ఒక్క చుక్క కారలేదు! ఒక్క చుక్క!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చి, అక్కను దాటి, బెంచీ ముందు ఆగాడు. అప్పుడు ఆమె వెనక్కి తిరిగింది.

మేస్త్రి చేతులు ఒళ్లో ఉన్నాయి, అరచేతులు పైకి. కళ్లు సగం మూతపడి సముద్రం వైపే ఉన్నాయి. సరంగు మోకాళ్ల మీద కూర్చుని బావ భుజాలు పట్టుకుని కుదిపాడు. పిలిచాడు. ఆ తర్వాత నవ్వడానికి ప్రయత్నించాడు, చేతకాలేదు.

డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. ఆఫీసరు టోపీ తీసి నిలబడ్డాడు. మేస్త్రిని వర్క్‌షాపులోకి మోసుకెళ్లి, సామాన్లు తీసేసి, పొడవాటి బల్ల మీద పడుకోబెట్టారు. ఇంజను మనిషి ఎవరూ చెప్పకుండానే కుడి ఇంజను గొట్టం విప్పి చూశాడు. ఉన్నది పాత వాషరే. అరిగి, ఆకులా పల్చబడి ఉంది. ఆ పూటకు ఆగింది. అతను దాన్ని సరంగుకు చూపించి, సంచిలోంచి కొత్తది తీసి వేసి బిగించాడు.

ఆమె చాలాసేపు బల్ల పక్కన నిలబడి ఉంది. ఏడవమని ఎవరో అన్నారు. ఆమె తమ్ముడి వైపు తిరిగి మామూలు గొంతుతో అంది.

"పడవ వచ్చేసిందిగా. బేసిన్ ఇటు తే, వేడి నీళ్లు పట్టుకురా. మీ బావ చేతులు కడగాలి."

అతను తెచ్చాడు. సబ్బు పొడి ఆమె తన అరచేతిలోనే పోసుకుంది. అతను నీళ్లు పోస్తుంటే ఒక్కొక్క వేలే పట్టుకుని, కణుపు కణుపూ రుద్దింది, పసిపిల్లాడి చేతులు కడిగినట్టు. గోళ్ల చుట్టూ నల్లటి అంచు ఎంత రుద్దినా పోలేదు. "పెళ్లినాడూ ఇంతే" అంది. అప్పుడు ఏడ్చింది. సరంగు బేసిన్ పట్టుకుని ఉండగా, బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.

అతన్ని ఇంటికి తీసుకెళ్లాక వర్క్‌షాపులో దీపం ఆర్పడానికి వచ్చినవాళ్లు బల్ల సర్దారు, నేల తుడిచారు. కుళాయి కింద బేసిన్‌లో ఆ నల్లటి నీళ్లు మాత్రం, పైన సబ్బు నురగ, నురగ చుట్టూ డీజిల్ రంగులతో, ఎవరికీ పారబోయడానికి చెయ్యి రాక అలాగే ఉండిపోయాయి.